లైన్‌మన్ ఐలయ్య కాక: జనగామ నుంచి భూపాలపల్లి దాకా

ఐలయ్య కాక చనిపోయిన వార్త నాకు ఒక ఆర్డరు రూపంలో అందింది. జనగామలో నాకొక ఆన్‌లైన్ సెంటర్ ఉంది. ఫారాలు నింపుతాను, జిరాక్సులు తీస్తాను, ఫ్లెక్సీలు డిజైన్ చేస్తాను. ఆ పొద్దున షట్టరు సగం లేపానో లేదో, కాక వాళ్ల వాడకట్టు మనిషి ఒకాయన వంగి లోపలికి చూసి, "నవీనన్నా, లైన్‌మన్ ఐలయ్య ఫొటో నీ దగ్గరున్నదట గద. ఫ్లెక్సీకి కావాలె" అన్నాడు.

"దేనికి, సన్మానమా?" అన్నాను.

"కాదన్నా. పొద్దుగాల పోయిండు. నాలుగింటికి మట్టి."

సంస్మరణ పుస్తకాలకు రాసే ఇలాంటి వ్యాసాల్లో ఈ చోట "ఆ వార్త నా పాలిట అశనిపాతమైంది" అని రాయడం ఆనవాయితీ. రాయబోయి ఆగాను. పిడుగు పడితే మనకు విషాదం, ఐలయ్య కాకకు మాత్రం డ్యూటీ. పిడుగు పడిన ప్రతిసారీ ఆయన తువ్వాల తలకు చుట్టుకుని సైకిలెక్కాడు. కాబట్టి ఉన్నదే చెబుతాను. షట్టరు సగంలోనే ఆగిపోయింది. నేను దాని కింద నిలబడి, "సైజెంత?" అని అడిగాను. "ఆరు బై నాలుగు" అన్నాడాయన. రాసుకున్నాను.

"కర్మయోగి, నిరాడంబరుడు, నిస్వార్థ సేవామూర్తి" అని ఫ్లెక్సీ మీద వేయించారు. మా ఊళ్లో ఎవరు పోయినా ఈ మూడు మాటలే వేస్తాం, కంప్యూటర్లో ముందే దాచిపెట్టి ఉంటాయి. ఈసారి అవి అబద్ధం కాలేదు, అంతే తేడా. ఆయన నాకు వరసకు కాక కాడు. విద్యుత్ శాఖలో మూడు దశాబ్దాలు స్తంభాలెక్కి, రిటైరయ్యాక రోజూ సాయంత్రం నా సెంటర్ ముందు స్టూలు మీద కూర్చుని చాయ్ తాగేవాడు. అట్లా కాక అయ్యాడు.

ఆయన వృత్తిధర్మం గురించి ముందు చెప్పాలి. అది తెలియకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. లైన్‌మన్ స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి ఎల్‌సీ అడుగుతాడు. అంటే లైన్ క్లియర్. అక్కడి ఆపరేటరు ఆ లైను బంద్ చేసి "ఎల్‌సీ ఇచ్చిన" అంటాడు. ఆ ఒక్క మాట మీద ఇక్కడ మనిషి తీగ పట్టుకుంటాడు. ఆపరేటరు ముఖం కనబడదు, స్విచ్చు కనబడదు. మాట ఒక్కటే. మళ్లీ ఈ మనిషే దిగి, తనే ఫోన్ చేసి వాపసు ఇచ్చేదాకా అక్కడ ఎవరూ స్విచ్చు ముట్టరు. ఒకసారి వానలో పెద్దమనుషులంతా స్తంభం కింద నిలబడి, "బంద్ చేసిండ్రట, మేం మాట్లాడినం, ఎక్కు ఐలయ్యా" అన్నారట. ఈయన గట్టు మీద కూర్చున్నాడు. ఆపరేటరు గొంతు తన చెవితో వినేదాకా కదలలేదు. సర్పంచికి కోపమొచ్చింది. "నా మాట మీద నమ్మకం లేదా?" అన్నాడు. "నాకున్నది సర్పంచి సాబ్, కరెంటుకే లేదు" అన్నాడట ఈయన. తీరా చూస్తే బంద్ చేసింది పక్క లైను. ఈ కథ చెప్పినప్పుడు తన గొప్ప ఏమీ చెప్పుకునేవాడు కాదు. ఆఖర్న ఒక్క ముక్క అనేవాడు: "చేతికంటె ముందు చెవి పెట్టాలె రా."

ఇంకో అలవాటుండేది. దేన్నైనా ముందు చేతి వెనక వైపుతో తాకేవాడు. అరచేత్తో పట్టుకుంటే, కరెంటున్నప్పుడు చెయ్యి ముడుచుకుని అక్కడే అతుక్కుంటుంది. వెనక వైపు తాకితే విదిలించుకుని బయటపడుతుంది. సర్వీసంతా అలవాటైన చెయ్యి రిటైరయ్యాక మానుకోలేదు. మా ఇంటి గేటు, ఫ్రిజ్జు, చాయ్ గ్లాసు, ఏదైనా ముందు వెనక చెయ్యే. కూతురికి సంబంధం చూడ వచ్చినవాళ్ల కారును కూడా అట్లాగే తాకాడని చిన్నమ్మ, అంటే ఆయన భార్య కొమురమ్మ, ఇప్పటికీ చెబుతుంది. పిల్లల తల నిమిరినా అంతే. "ఆశీర్వాదం ఎర్తింగ్ చూసి ఇస్తున్నవా కాక?" అని నేననేవాణ్ని. నవ్వేవాడు. నా మాటలకు నవ్వే మనుషులు తక్కువ. ఒకరు తగ్గారు.

ఇక సైకిల్ సంగతి. పోయినేడు వానలు వెనకపట్టాక, పత్తి ఏరుతున్న రోజుల్లో, నా సెంటర్‌కు ఒక పోస్టరు ప్రింటుకొచ్చింది. జనగామ నుంచి మహబూబాబాద్, కొత్తగూడ అడవి, ములుగు మీదుగా భూపాలపల్లి దాకా సైకిల్ యాత్ర. రెండు వందల కిలోమీటర్ల పైమాటే. తెల్లారి అయిదింటికి మొదలైతే రాత్రి ఎనిమిదికల్లా చేరాలి. ఇలాంటివి తొక్కడం పట్నపు పిల్లలకు కొత్త కాదు, మా వైపు మాత్రం ఇదే మొదలు. అప్పటికే నేను వాయిదాల మీద ఒక గేరు సైకిల్ కొన్నాను. ఎక్కింది తక్కువ, దాంతో ఫొటో దిగింది ఎక్కువ. పేరిచ్చేశాను.

కాక స్టూలు మీద నుంచి పోస్టరును చూసి, "సాయం ఉండదు అని రాసిండ్రేంది?" అన్నాడు.

"వెనక బండ్లు రావొద్దు కాక. మనోళ్లెవరూ తొవ్వల ఎదురొచ్చి ఏం ఇయ్యొద్దు. పంక్చరైతే మనమే చేసుకోవాలె. ఆకలైతే దుకాణంల కొనుక్కోవాలె. అడవిల ఆగిపోతే అడవిలనే."

"అంటె నా నౌకరే గద" అన్నాడు.

నేను నవ్వి, "ఇది ముసలోళ్లకు కాదు కాక, నువ్వు చాయ్ తాగు" అన్నాను. చాయ్ తాగాడు. గ్లాసు కింద పెట్టి, "నా పేరు గూడ రాయి" అన్నాడు.

ఈ వ్యాసంలో హాస్యం ఎక్కడెక్కడ పనికొచ్చిందో, ఎక్కడ పనికిరాకుండా పోయిందో లెక్క తీస్తే, ఆ ముసలోళ్ల మాట మొదటిది. ఫారం రెండోది.

ఫారం ఇంగ్లీషులో ఉంది. పేరు, ఊరు, పుట్టిన తేదీ. కింద ఆరోగ్యం. బీపీ ఉందా, షుగరుందా, గుండె జబ్బుందా, ఛాతీలో నొప్పి ఎప్పుడైనా వచ్చిందా. ప్రతిదానికీ రెండు గళ్లు: ఉంది, లేదు. నా వృత్తిలో మనిషి ఎదురుగా నిలబడి ఉంటాడు, వెనక ఇంకో పదిమంది ఉంటారు. ఇలాంటి గళ్లు అడిగి నింపితే సాయంత్రానికి సగం ఫారాలు కావు. అందరికీ లేదు, లేదు, లేదు, లేదు. ఇన్నేళ్లుగా నా చేతి మీదుగా ఈ ప్రాంతం మొత్తం నిండు ఆరోగ్యంతో ఉంది. కాకకూ నాలుగు నిమిషాల్లో ఆరోగ్యం ప్రసాదించాను. ఆయన పక్కనే ఉన్నాడు. అడగనే లేదు.

"అన్ని చదివినవా?" అన్నాడు.

"చదివిన కాక."

"సరె మరి. ఆపరేటరువు నువ్వు, నువ్వంటె అయిపాయె."

సర్పంచి మాట మీద స్తంభం ఎక్కని మనిషి నా మాట మీద సైకిలెక్కాడు.

ఆ తెల్లవారుజామున జనగామలో దాదాపు ముప్పై సైకిళ్లు నిలబడ్డాయి. సగానికి పైగా చిటికెన వేలితో లేపగలిగేవి. మధ్యలో కాకది, డ్యూటీ నాటి నల్ల సైకిలు, వెనక క్యారియరుకు పంపు, పంక్చరు సామాను, నూలు తాడు, కటింగ్ ప్లేయరు. "ప్లేయరెందుకు కాక?" అంటే "ఎప్పటికీ ఉంటది" అన్నాడు. పాలకుర్తి దాటేసరికి తెల్లవారింది. తొర్రూరు దగ్గర నా వెనక చక్రం గాలి పోయింది. సాయం లేని యాత్రలో తోటివాళ్లు ఒకరికొకరు సాయపడొచ్చని రూలు. ఆయన చక్రం విప్పి, ట్యూబు మీద ముందు చేతి వెనక తాకించి గాలి ఎక్కడ తప్పుతున్నదో చూసి, అతుకేసి, బిగించి లేచాడు. నేను ఈలోగా ఆ దృశ్యాన్ని ఫోనులో పెట్టాను, "మొదటి సవాలు అధిగమించాం" అని. బహువచనం నాది.

మహబూబాబాద్‌లో యాత్ర వాళ్లిచ్చిన కార్డు మీద ముద్ర వేయించుకుని ఇడ్లీలు తిన్నాం. గూడూరు దాటాక అడవి మొదలైంది, గాలి చల్లబడింది. ఆయన మాట పెరిగింది. ఒకప్పుడు కొత్తగూడ వైపు గూడేలకు లైను గుంజినప్పుడు ఆయన డిప్యుటేషన్ మీద వచ్చి కొన్ని నెలలు ఇక్కడే ఉన్నాడు. పోడు చెలకల పక్కన స్తంభాలు లెక్కపెడుతూ, "అగో, గది జర వంగి ఉన్నది సూడు. కింద బండ పడ్డది, లోతు దొరకలే. నేను పాతిందే" అన్నాడు. కొందరు తమ పేరున్న శిలాఫలకం చూపిస్తారు. ఈయన తన తప్పు పాతిన చోటు చూపించాడు. అంత సంతోషంగా ఆయన్ను నేను అంతకు ముందు చూడలేదు.

కొత్తగూడలో ముద్ర వేయించుకుని బయలుదేరాక, ఊరు వెనకబడి చాలాసేపయ్యాక, ఆయన సైకిలు దిగాడు. దిగి రోడ్డు కల్వర్టు దగ్గర ఒక మోరీ గోడ మీద కూర్చున్నాడు. అంగీ తడిసిపోయి ఉంది. ఆ నీడలో నాకు చెమట ఆరిపోయింది, ఆయనకు ఇంకా కారుతోంది. ఛాతీ మధ్యలో పిడికిలితో రుద్దుకుంటున్నాడు.

"ఏమైంది కాక?"

"ఏంలే. ఇడ్లి పడలేనట్టున్నది. గ్యాసు."

"గ్యాసైతే మంచిదే. సిలిండరు ఖాళీ అయ్యేదాక కూసుందాం" అన్నాను.

నవ్వాడు. నవ్వబోతే మధ్యలో ఆగింది, మళ్లీ నవ్వాడు. నేను టైము చూసుకున్నాను.

ఆ కొన్ని నిమిషాల్లో నా మనసులో ఏముందో రాయకపోతే ఈ వ్యాసం ఎందుకు. అది గ్యాసే కావాలని నేను కోరుకున్నాను. ఆయన కోసం కాదు. ఆయన ఆగితే నేనూ ఆగాలి, ఆ అడవిలో ఒంటరిగా తొక్కే ధైర్యం నాకు లేదు. పొద్దటి నుంచి మూడు ఫొటోలు పెట్టాను, కింద వంద మంది శభాష్ అని రాశారు. ఆయనకు నొప్పి పుట్టింది, నేను దానికొక పేరు దొరికిందని ఊపిరి పీల్చుకున్నాను. పావుగంటకు లేచాడు. "తగ్గింది, పోదాం పా" అన్నాడు. తగ్గిందో లేదో ఆయనకే తెలుసు.

నర్సంపేట దాటి, మల్లంపల్లి దాటాక రోడ్డు పక్కన ఒక మనిషి మోటారు సైకిలు ఆపుకుని మాకోసం చూస్తున్నాడు. సారయ్య, చిన్నమ్మ తమ్ముడు, ఆ పక్క పల్లెలోనే వ్యవసాయం. హ్యాండిలుకు నాలుగు గిన్నెల టిఫిను. బావ తమ ఊరి పక్కపొంటి పోతున్నాడని అక్క చెప్పింది. ఇంటికి రాకుండా అల్లుడు పోతే, పొలిమేర దగ్గరైనా తినిపించకుండా వదిలితే, ఆ ఇంటి పరువు ఉండదని మా వైపు లెక్క. అతను పొద్దున నాటుకోడిని కోయించి, జొన్నరొట్టెలు చేయించి, వచ్చి రెండు గంటల నుంచి ఎండలో నిలబడ్డాడు.

కాక చెయ్యి అడ్డం పెట్టాడు. "తినద్దు సారయ్యా. మనోళ్ల సాయం తీసుకోవద్దని రూలు."

"అన్నం సాయమెట్లయితది బావా?"

"అయితదట."

"అంటె హోటళ్ల పైసలిచ్చి తింటె గెలుస్తరు, బామ్మర్ది వెడితే ఓడిపోతరా? ఎవడు వెట్టిండు గిసొంటి పోటి? వానికి సుట్టాలు లేరా?"

నేను పక్కన నిలబడి నవ్వుతున్నాను. సారయ్య నవ్వలేదు. అతను బావ ముఖంలోకి చూస్తున్నాడు. టిఫిను బండి మీద పెట్టేసి దగ్గరికొచ్చాడు.

"బావా, మొఖం గట్లున్నదేంది? నల్లగైనవు. అన్నం గిన్నం ఇడిసిపెట్టు. బండెక్కు. ములుగు దవాఖాన గీడనే. చూపిచ్చుకోని పోదువు."

కాక వెంటనే కాదనలేదు. దాన్ని నేను చూశాను. బండి వైపు ఒకసారి చూసి, నా వైపు తిరిగాడు.

"రూలేమంటది రా?"

"బండెక్కితే ఔటే కాక" అన్నాను. "నువ్వెక్కితే నువ్వు ఔటు. కోడి నీ కడుపుల పడితే కోడి గూడ ఔటు."

నేను చెప్పింది అబద్ధం కాదు. రూళ్ల కాగితం ఇంగ్లీషులో ఉంది, మా ఇద్దరిలో దాన్ని చదివింది నేనొక్కణ్నే. బండెక్కితే యాత్ర లెక్కలోకి రాదని అందులో ఉంది. దాని కింద ఇంకో లైనుంది. ఒంట్లో బాగోలేకపోతే వెంటనే ఆగండి, ఏ వాహనం దొరికితే అది ఎక్కండి, ఫలానా నెంబరుకు చెప్పండి, ఇందులో నామోషీ లేదు, మళ్లీ రావచ్చు అని. ఆ లైను నాకు గుర్తుంది. అక్కడ, ఆ రోడ్డు మీద కూడా గుర్తుంది. చెప్పలేదు.

కాక తల ఊపాడు. ఆపరేటరు గొంతు చెవితో విన్నాడు కదా. "పో సారయ్యా. అక్కకు తిన్నడని చెప్పు" అన్నాడు. సారయ్య టిఫిను మళ్లీ హ్యాండిలుకు తగిలించుకుని పోయాడు. కిక్కు కొట్టేటప్పుడు నా వైపు ఒక చూపు చూశాడు. అప్పుడు దాన్ని కోడికూర వృథా అయిన కోపమనుకున్నాను.

ములుగు దాటాక చీకటి పడింది. చివరి ఇరవై కిలోమీటర్లలో ఆయన చాలా చోట్ల దిగి నడిచాడు. ఎత్తు వచ్చినచోటే కాదు, చదునులో కూడా. సైకిల్ని ఎడమవైపు ఉంచుకునేవాడు కాస్తా కుడివైపుకు మార్చుకుని తోసుకుంటూ వచ్చాడు. భూపాలపల్లిలో కార్డు చూపిస్తే, బల్ల దగ్గరి అతను గడియారం చూసి, టైమైపోయిందండీ, ఇరవై నిమిషాలైంది, లెక్కలోకి రాదు అన్నాడు. రూలు కోసం ఆయన బండెక్కలేదు. రూలు ప్రకారం మేం ఎట్లాగూ ఔటే. కాక మాత్రం ఏ బాధా లేకుండా, "లెక్కల వద్దు సారు. వచ్చినమని రాయుండ్రి, చాలు" అన్నాడు. అతను కార్డు వెనక "వచ్చారు" అని రాసి సంతకం పెట్టాడు. ఫొటో తీస్తానంటే కాక హెల్మెటు సవరించుకుని నిలబడ్డాడు. ఫ్లెక్సీ మీదున్న ఫొటో అదే.

తర్వాత నలభై రోజులు ఆయన మామూలుగానే సెంటర్‌కు వచ్చాడు. స్టూలు, చాయ్. "గ్యాసెట్లున్నది కాక?" అని నేను. "బుక్ చేసిన, రాలే" అని ఆయన. ఇది మా ఇద్దరికీ రోజువారీ కచేరీ అయ్యింది. మళ్లీ యాత్ర ఉంటే చెప్పమన్నాడు, ఈసారి టైముకు పోదామన్నాడు. ఒక పొద్దున వాకిట్లో సైకిలు చక్రానికి గాలి కొడుతూ పక్కకు ఒరిగాడు. దవాఖానకు చేరేలోపే పోయాడు. గుండె అన్నారు. ఎన్నాళ్ల నుంచి చెడిందో చూసిన డాక్టరు లేడు, ఎందుకంటే ఎవరూ చూపించలేదు.

ఆర్డరు తీసుకున్నాక ఆ ఫొటోను ఆరడుగులకు పెంచాను. "మొఖం జర తెల్లగ చెయ్యన్నా" అన్నాడు వచ్చినాయన. అది మామూలు కోరికే, అందరికీ చేస్తాం. పెంచినప్పుడు కనబడింది. పెదాలు నల్లబడి ఉన్నాయి. కళ్ల కింద బూడిదరంగు. సారయ్య రోడ్డు మీద ఒక్క చూపులో పట్టుకున్నది నాకు ఆరడుగులైతే తప్ప కనబడలేదు. తెల్లగా చేశాను. ఈ పని నా చేతికి బాగా వచ్చు.

పదకొండో రోజున వాళ్లింటికి పోయాను. భోజనాల బంతి మధ్యలో కరెంటు పోయింది. గూట్లో ఉన్న కాక ఫోను మోగింది. రిటైరై ఇన్నేళ్లయినా, వాడకట్టులో కరెంటు పోతే చాలామందికి చెయ్యి ఆ నెంబరుకే పోతుంది. చిన్నమ్మ ఎత్తింది. అవతలివాళ్లు ఏమన్నారో, "వస్తది, జర సేపాగుండ్రి" అని పెట్టేసింది. మళ్లీ మోగింది. మళ్లీ అదే చెప్పింది. ఆయన లేడని ఒక్కరికీ చెప్పలేదు. వింటున్న మేమెవరమూ ఆమె ముఖం వైపు చూడలేదు.

అందరూ పోయాక నేను ఉండిపోయాను. ఆమె అటక మీది నుంచి దించిన గిన్నెలు తుడుస్తోంది. నేను ఫారం సంగతి చెప్పాను. ఆయన్ను అడగకుండా నాలుగు గళ్లలో లేదు అని కొట్టానని చెప్పాను. మోరీ గోడ మీద ఛాతీ రుద్దుకున్నాడని, గ్యాసన్నాడని, నేను సిలిండరు జోకేశానని చెప్పాను. సారయ్య బండెక్కమంటే రూలు సగమే చదివి వినిపించానని చెప్పాను. తిట్టించుకోవాలనే పోయాను. ఆ ఇంట్లో ఎవరైనా ఒక దెబ్బ కొడితే తీసుకుని వద్దామనుకున్నాను.

ఆమె గిన్నె తుడవడం ఆపింది.

"ఛాతిల నొచ్చిందా?" అంది.

"అవును చిన్నమ్మ. కొత్తగూడ దాటినంక."

"నాకు ఛాతి అని చెప్పలే." గిన్నె కింద పెట్టింది. "వచ్చిన తెల్లారి, ఎడమ చెయ్యి గుంజుతున్నది అన్నడు. భుజం నుంచి వేళ్ల దాక. అంత దూరం హ్యాండిలు పట్టుకుంటివి, గుంజదా అన్న. నువ్వుల నూనె కాగవెట్టి రాసిన. మళ్ల వారానికి ఒకసారన్నడు. మళ్ల రాసిన. దవాఖానకు పోదామా అంటె, చెయ్యి నొస్తె దవాఖానేందే, నవ్వుతరు అన్నడు. నేను గూడ నవ్విన."

నా దగ్గర ఛాతీ. ఆమె దగ్గర చెయ్యి. ఈ రెండూ ఒకే మనిషివి, ఒకే నొప్పివి. బడికి పోయిన ఏ పిల్లవాడికైనా ఈ రెండూ కలిపి చెబితే దవాఖానకు పొమ్మంటాడు. మా ఇళ్లు రెండు వీధుల దూరంలో ఉన్నాయి. నలభై రోజులున్నాయి. ఆయన ఎవరినీ పరేషాన్ చేయకూడదని నొప్పిని రెండు ముక్కలు చేసి, నాకొకటి, ఆమెకొకటి ఇచ్చాడు. ఎవరి ముక్క వాళ్లకు చిన్నదిగా కనబడింది. నేను నా ముక్క మీద జోకేశాను, ఆమె తన ముక్క మీద నూనె రాసింది.

"తప్పు నీ మీద ఏస్తె నా బరువు అల్కగైతది బిడ్డా" అంది చివరికి. "నువ్వు చేసింది తప్పే, కాదనను. గని నలభై రోజులు పక్కన పండుకున్నది నేను."

ఏదో ఒకటి అనడం నా వృత్తి, అలవాటు, రోగం. ఆ రోజు మిగిలిన గిన్నెలు అందుకుని తుడిచాను.

లేచి వస్తుంటే గుమ్మం దాకా వచ్చింది. "ఆయన మీద పుస్తకంల రాస్తవట గద?"

"కాక డిపార్ట్‌మెంటోళ్లు రాయమన్నరు చిన్నమ్మ."

"మంచోడు, పెద్దోడు అని రాయకు. గది ఫ్లెక్సీ మీద ఉన్నది. గిది రాయి. నొచ్చింది ఒకలకు ఛాతి అని చెప్పిండు, ఒకలకు చెయ్యి అని చెప్పిండు, ఎవలకు పూర్తిగ చెప్పలే, ఎవలు పూర్తిగ అడుగలే అని రాయి. ఎవలింట్లనన్న మొగోడు ఏంలే అంటే, ఏడ ఏంలే, ఎప్పటిసంది ఏంలే అని అడుగుమని రాయి."

ఆమె చెప్పినట్టే రాశాను. జనగామ నుంచి భూపాలపల్లి దాకా సాయం లేకుండా పోయిన మనిషి ఐలయ్య కాక. సాయం వద్దన్న రూలు ఆ ఒక్క రోజుకే. ఇంటికొచ్చాక కూడా ఆయన దాన్ని పాటించాడు, మేం పాటించనిచ్చాం. అటువంటి లైన్‌మన్ జనగామకు మళ్లీ దొరకడు. దొరికినా నా మాట నమ్మకూడదు. ఆయన పాదాలకు నమస్కారం.